నాలా వెంట నది దాకా
(నవాబ్ అలీ నవాజ్ జంగ్ స్మారక ఉపన్యాసం, ఎర్రగడ్డ)



ఈ సాయంత్రం మనం తలచుకుంటున్న మనిషి పేరు మీర్ అహ్మద్ అలీ. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అన్నది ఆయనకు దక్కిన బిరుదు. 1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టారు. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకుని తిరిగొచ్చి, నిజాం ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి చీఫ్ ఇంజనీరు స్థాయికి ఎదిగారు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. అది ఆయన జీవితంలోకెల్లా పెద్ద పని. 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదుల నియంత్రణ, నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షత వహించారు. 1949 డిసెంబరులో కన్నుమూశారు. తెలంగాణ వచ్చాక ఆయన పుట్టినరోజును రాష్ట్ర ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇక్కడికి దగ్గర్లోనే, ఎర్రమంజిల్‌లో ఉన్న నీటిపారుదల శాఖ కార్యాలయం జలసౌధలో పనిచేసేవాళ్లంతా ఒక రకంగా ఆయన వారసులే.

ఆనకట్టలు కట్టిన మనిషి పేర జరిగే సభలో నదీతీర విహారం గురించి, నడకదారుల గురించి మాట్లాడటం ఏమిటని నిర్వాహకుల్లో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన తరం ఇంజనీర్లకు వరదను ఆపడం, తాగునీరు ఇవ్వడం, ఒడ్డున మనిషికి నాలుగు అడుగులు వేసే చోటు కల్పించడం ఒకే పథకంలోని భాగాలు. ఆ మూడింటినీ వేరువేరు శాఖలకు పంచిపెట్టింది మన తరం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే విషయం. నది ఒడ్డున నడకదారి కలకాలం నిలవాలంటే ముందు నాలా ఒడ్డున నడిచే అలవాటు రావాలి. ఎర్రగడ్డ లాంటి పేటల్లో అది మొదలుకాకపోతే, ఎన్ని వేల కోట్లు పోసినా నగరం మధ్య పారే మూసీ ఒడ్డున పెట్టిన బెంచీల మీద ఎవరూ కూర్చోలేరు.

1

ఎర్రగడ్డలో నది ఎక్కడుంది?

భరత్‌నగర్ వంతెన ఎక్కినప్పుడు బస్సులో చాలామంది కిటికీ మూస్తారు. ఆ చుట్టుపక్కల పారేది కూకట్‌పల్లి నాలా. కూకట్‌పల్లి, బాలానగర్ వైపు నుంచి వచ్చి, మూసాపేట, ఫతేనగర్ మీదుగా బేగంపేట చేరి, నెక్లెస్ రోడ్డు వైపున హుస్సేన్‌సాగర్‌లో పడుతుంది. మన వంటింటి తొట్టిలో నుంచి జారిన నీళ్లు, డ్రైనేజీ పొంగి రోడ్డు మీద పారిన నీళ్లు, రైతుబజారు కడిగిన నీళ్లు, మొదటి వానకు రోడ్డు మీది దుమ్ము, నూనె కలిసిన నీళ్లు, వీటిలో చాలా భాగం వెళ్లేది ఆ దారినే. హుస్సేన్‌సాగర్ నిండితే నీరు అలుగు దూకి దోమలగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట వెంట అంబర్‌పేట దగ్గర మూసీలో కలుస్తుంది. అక్కడి నుంచి మూసీ పిల్లాయిపల్లి, వలిగొండ దాటి, సూర్యాపేటకు ఇవతల సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టులో ఆగి, చివరికి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన నది ఈ ప్రయాణమంతా చేసేది దాదాపు 240 కిలోమీటర్లు.

అంటే ఎర్రగడ్డ మూసీ తీరాన ఉన్న ఊరే. పటంలో మాత్రం అలా కనిపించదు.

విద్యార్థులు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ కట్టినప్పుడు, బల్కాపూర్ కాలువ ద్వారా మూసీ నీటినే తెచ్చి ఆ చెరువు నింపారు. నది చెరువుకు మంచినీళ్లు ఇచ్చింది. నాలుగు శతాబ్దాల తర్వాత చెరువు నదికి మురుగు ఇస్తోంది. నదిని బాగుచేద్దామని బయలుదేరినవాళ్లు నది ఒడ్డున చాదర్‌ఘాట్ దగ్గర ఆగిపోతే లాభం లేదని ఈ ఒక్క వాస్తవమే చెబుతుంది. ఇంకా పైకి, నాలాల వెంట, మన దాకా రావాలి.

2

1908 నేర్పిన పాఠం, మనం మరిచిన పాఠం

1908 సెప్టెంబరు 28. మూసీ ఒక్కసారిగా నగరం మీద పడింది. చనిపోయినవాళ్లు పదిహేను వేలమంది దాకా ఉంటారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు మన తరం దాకా నిలిచి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకు వెళ్లి చీర, పసుపుకుంకుమలతో గంగమ్మను శాంతింపజేశాడని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

శాంతి పూజ తర్వాత ఆయన ప్రభుత్వం చేసిన పని ఇంకా గొప్పది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నది మధ్యలో నిలబడి గోడలు ఎంత ఎత్తు కట్టాలని లెక్క వేయలేదు. నగరానికి పైన ఉన్న పరీవాహక ప్రాంతమంతా చూశాడు. అక్కడ 788 చెరువులున్నాయి. దాదాపు చదరపు మైలుకు ఒకటి. వరద రోజున వాటిలో 221 తెగిపోయాయి. నగరాన్ని ముంచింది ఒక్క నదే కాదని, పైన ఒకదాని వెనక ఒకటి తెగిన గొలుసుకట్టు చెరువులని తేలింది. దానికి ఆయన చెప్పిన మందు, నది మీద, దాని ఉపనది ఈసీ మీద వరదను పట్టి ఉంచే రెండు పెద్ద జలాశయాలు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాటి నిర్మాణంలో, హైదరాబాద్ నీటి ఏర్పాట్లను నిలబెట్టడంలో అలీ నవాజ్ జంగ్ తరం ఇంజనీర్ల చెమట ఉంది. విశ్వేశ్వరయ్య కాగితం మీద గీసినదాన్ని ఇక్కడి మనుషులే రాళ్లతో, సున్నంతో నిజం చేశారని మనం గర్వంగా చెప్పుకోవాలి.

అదే నివేదికలో విశ్వేశ్వరయ్య ఒడ్డున గట్లు, తోటలు, నడిచే దారులు ఉండాలని కూడా చెప్పాడు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ మాట విన్నది. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, తర్వాత ఆసఫియా గ్రంథాలయం నదిని ఆనుకునే లేచాయి. అఫ్జల్‌గంజ్ వంతెన మీద నిలబడి చూస్తే ఆ భవనాల గొప్ప ముఖాలు నీటి వైపు తిరిగి ఉన్నాయని ఇప్పటికీ తెలుస్తుంది. నదికి ముఖం చూపి నిలబడిన నగరం అది.

తర్వాత ఏమైంది? 1931 ప్రాంతంలో నగరానికి భూగర్భ డ్రైనేజీ వేశారు. 54 చదరపు కిలోమీటర్లకు, నాలుగున్నర లక్షల పైచిలుకు జనానికి సరిపోయేలా వేసిన వ్యవస్థ అది. ఆ రోజుల్లో ఎర్రగడ్డ నగరం కాదు. సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామికవాడలు, వాటి వెంట బస్తీలు, ఆపైన అపార్ట్‌మెంట్లు అన్నీ తర్వాతే వచ్చాయి. కొత్త ఇళ్లకు కొత్త డ్రైనేజీ సకాలంలో రాలేదు. వాననీటి కోసం పుట్టిన నాలాలు మురుగు మోశాయి. ముక్కు మూసుకోవాల్సి వచ్చిన రోజు నుంచి ఇళ్లు నాలా వైపు కిటికీలు పెట్టడం మానేశాయి. చూడని చోట ఏం జరిగినా ఎవరికీ పట్టదు. నాలాలోకి పిల్లరు దిగింది, గోడ జరిగింది, కూల్చిన ఇంటి మట్టి రాత్రికి రాత్రి ట్రాక్టరులో వచ్చి పడింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఈ నాలా పక్క కాలనీలు మునిగాయి. ఆ తర్వాత కిర్లోస్కర్ సంస్థ చేత వాననీటి కాలువల మీద నివేదిక రాయించారు. 2020 అక్టోబరులో నగరం మళ్లీ మునిగింది.

ఇక్కడున్న పెద్దల్లో ఆ 2000 వానను చూసినవాళ్లు చేతులెత్తుతున్నారు. అవును, మీరే మా పిల్లలకు చెప్పాలి.

3

తోట ముందా, నీళ్లు ముందా?

ఈ మాట మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, దయచేసి ఓపిక పట్టండి. నగరంలో జరిగిన పొరపాట్లన్నీ దీని చుట్టూనే ఉన్నాయి.

మూసీని అందంగా చేద్దామని మన ప్రభుత్వాలకు ఆలోచన రాకపోలేదు. 1990ల చివర్లో నందనవనం అన్నారు. నదిలో పడవలు తిరుగుతాయని, ఒడ్డున తోటలు వస్తాయని చెప్పారు. తర్వాత పాతబస్తీ దగ్గర నదిలో రబ్బరు డ్యాం వేసి నీళ్లు నిలబెట్టే ప్రయత్నం జరిగింది. నిలిచింది మురుగే కాబట్టి పడవ ఎక్కడానికి ఎవరూ రాలేదు. తోట వేసినా, రెయిలింగు పెట్టినా, కింద నీళ్లు నల్లగా ఉంటే జనం పది నిమిషాలు నిలబడరు. జనం రాకపోతే కాపలా ఉండదు. కాపలా లేకపోతే రెయిలింగు ఇనుము కూడా మిగలదు.

బయటి దేశాల నుంచి ఉదాహరణలు తెచ్చేటప్పుడు సగమే చెబుతారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చెయోంగ్‌గ్యెచెయోన్ అనే వాగు మీద ఎత్తైన రోడ్డు కట్టి ఉండేది. 2003లో ఆ రోడ్డు కూల్చి, 2005 నాటికి 5.8 కిలోమీటర్ల మేర వాగును తెరిచారు. ఇవాళ లక్షల మంది అక్కడ కాళ్లు తడుపుకుంటారు. నిజమే. కానీ ఆ వాగులో పారేది ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తోడి పోసే నీళ్లు. అహ్మదాబాద్ సబర్మతి కూడా అంతే. రెండు ఒడ్డుల వెంటా పదకొండేసి కిలోమీటర్ల నడకదారి బాగుంటుంది. నది నిండుగా కనిపించడానికి కారణం నర్మద కాలువ నుంచి వచ్చే నీరు. ఆ తీరాన ఉన్న వేలాది కుటుంబాలు తమ ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. మూసీకి నర్మద లేదు, హాన్ నది లేదు. గోదావరి నీళ్లు తెచ్చి గండిపేటలో, అంటే ఉస్మాన్‌సాగర్‌లో, పోస్తామని ప్రభుత్వాలు అంటున్నాయి. తెచ్చినా, ఆ నీళ్లు కిందికి వదిలినా, పక్క నాలాల నుంచి మురుగు వస్తూనే ఉంటే వాటి శుభ్రత అంబర్‌పేట దాకా మిగలదు.

మురుగును నాలాలోకి రాకుండా ఆపడం ఎలా? హుస్సేన్‌సాగర్ కోసం జపాన్ రుణంతో, 2006 నుంచి జరిగిన పథకంలో ఒక ఏర్పాటు ఉంది. నాలా చెరువులో కలిసేచోట అడ్డుకట్ట కట్టి, ఎండాకాలంలో పారే మురుగునంతా పెద్ద పైపులోకి మళ్లించి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపడం. వాన పడినప్పుడు నీళ్లు ఎక్కువై అడ్డుకట్ట దాటి చెరువులోకి వెళతాయి. చిన్న వానకు కూడా నెక్లెస్ రోడ్డు మీద వాసన ఎందుకు వస్తుందో వాకర్స్ మిత్రులకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. మురుగు, వాననీరు ఒకే నాలాలో కలిసి వస్తున్నంత కాలం అడ్డుకట్ట ఎంత మంచిదైనా వానాకాలంలో ఓడిపోతుంది.

అందుకే ఇప్పుడు నగరమంతా మురుగు శుద్ధి కేంద్రాలు (ఎస్టీపీలు) కడుతున్నారు. అంబర్‌పేటలో పాత శుద్ధి కేంద్రం రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల సామర్థ్యం కలది. దానికి తోడు నగర నీటి సరఫరా, మురుగునీటి బోర్డు అయిన జలమండలి 31 కొత్త కేంద్రాలను చేపట్టింది. ఆ కొత్తవన్నీ కలిపి రోజుకు దాదాపు 126 కోట్ల లీటర్లు. వాటిలో ఒకటి మన ఫతేనగర్‌లోనే ఉంది. దాని సామర్థ్యం రోజుకు 13 కోట్ల 30 లక్షల లీటర్లు. ఇది చాలా పెద్ద విషయం. ఎర్రగడ్డ నుంచి బండి మీద ఐదు నిమిషాల దూరంలో, మన మురుగును మనకు దగ్గర్లోనే శుభ్రం చేసే కేంద్రం ఉంది.

అయితే కేంద్రానికి చేరే మురుగునే అది శుభ్రం చేయగలదు. కాలనీ డ్రైనేజీ పైపు పగిలి నాలాలోకి కారితే ఆ మురుగు కేంద్రం ముఖం చూడదు. వర్కుషాపు వెనక నుంచి రాత్రిళ్లు వదిలే రంగు నీళ్లు, నూనె, పాలిథిన్ సంచులు, పాత పరుపులు, ఇటుక ముక్కలు దానికి అందవు. ఆ మిగిలిపోయిన పని ఇంజనీర్లకు అప్పగించలేం. అది రోజూ ఎవరో ఒకరు కళ్లతో చూసి పట్టుకోవాల్సిన పని.

4

పెద్దషాపూర్ దగ్గర గెలిచిన పౌరులు

కళ్లతో చూసి పట్టుకునే పని సామాన్యులు చేయగలరా? చేశారు. మన దగ్గరే చేశారు. ఈ కథ ప్రతి హైస్కూలు విద్యార్థికీ తెలియాలని నా కోరిక.

1996 మార్చి 8న ప్రభుత్వం 111 జీవో జారీ చేసింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, పెద్ద నివాస సముదాయాలు రాకూడదని దాని సారాంశం. ఆ మరుసటి ఏడాదే శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె నుంచి రసాయనాలు తయారుచేసే ఒక పరిశ్రమకు మినహాయింపు ఇచ్చేశారు. పరిశ్రమ వ్యర్థాలు భూమిలో ఇంకి హిమాయత్‌సాగర్‌కు చేరే ప్రమాదం ఉంది. పర్యావరణాన్ని, జీవన నాణ్యతను కాపాడాలని ఏర్పడిన ఒక చిన్న పౌర సంఘం, హైదరాబాద్‌లోని చదువుకున్నవాళ్లు కొందరు కలిసి నడిపిన సంఘం, కోర్టుకెక్కింది. కాలుష్య నియంత్రణ మండలి కూడా అనుమతి ఇవ్వకుండా గట్టిగా నిలబడింది. సుప్రీంకోర్టులో అది ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా నమోదైంది. 1999 జనవరిలో ఒకసారి, 2000 డిసెంబరులో మరోసారి జస్టిస్ ఎం. జగన్నాథరావు ఉన్న ధర్మాసనం తీర్పులిచ్చింది. హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత పరిశ్రమదేనని, తాగునీటి విషయంలో ప్రభుత్వం కూడా అలా మినహాయింపులు ఇవ్వకూడదని తేల్చింది. ముందు జాగ్రత్త సూత్రానికి దేశమంతా చెప్పుకునే తీర్పుల్లో ఇదొకటి. న్యాయశాస్త్రం చదివేవాళ్లు ఎక్కడున్నా దీన్ని చదువుతారు.

2022లో ప్రభుత్వం 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తివేయడానికి పూనుకుంది. అంటే ఒక తీర్పు గెలవగానే కాపలా అయిపోదు. ప్రతి పదేళ్లకొకసారి మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలి.

ఇంకో రెండు సంగతులు క్లుప్తంగా చెబుతాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను హుస్సేన్‌సాగర్‌లో నిమజ్జనం చేయకూడదని 2021లో హైకోర్టు చెప్పడం వెనుక ఏళ్ల తరబడి పౌరులు వేసిన పిటిషన్లు ఉన్నాయి. మట్టి గణపతిని ఇంట్లోనే బకెట్‌లో నిమజ్జనం చేసే కుటుంబాలు ఈ సభలోనే ఎన్నో ఉంటాయి. ఇక అంబర్‌పేట బతుకమ్మకుంట. దశాబ్దాల పాటు ఆక్రమణల గొడవలో, చెత్తకుప్పల కింద ఉన్న ఆ కుంటను ప్రభుత్వ సంస్థ హైడ్రా 2025లో తవ్వితే కిందనే నీళ్లు ఊరాయి. అదే ఏడాది అక్కడ బతుకమ్మ ఆడారు. ఆ బస్తీ వాళ్లు ఏళ్లపాటు వదలకుండా అడిగారు కాబట్టే కుంట మిగిలింది. బతుకమ్మను నీళ్లలోకి పంపే పండుగ మనది. నీళ్లు శుభ్రంగా ఉంచమని అడిగే హక్కు మన ఆడబిడ్డలకు అందరికంటే ముందుంది.

5

ఒడ్డున ఉన్నవాళ్లను వదిలి

విహారమార్గం అన్న మాట వినగానే నాకు భయమేసే విషయం ఒకటుంది. దాన్ని దాచుకోకుండా చెబుతాను.

2024 సెప్టెంబరులో మూసీ నదీగర్భంలో, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు తొలగించాల్సిన ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. కొందరు డబుల్ బెడ్‌రూం ఇళ్లకు వెళ్లారు. కొందరు వెళ్లలేమన్నారు. నది మధ్యలో ఉండటం ప్రమాదమని వాదించేవాళ్లది తప్పు అనలేను. వరద వచ్చినప్పుడు మొదట మునిగేది వాళ్ల ఇల్లే. కానీ అక్కడ ఉన్నది ఇల్లు మాత్రమే కాదు. పిల్లల బడి, మలక్‌పేట మార్కెట్లో పని, ఇళ్లలో చేసే పని అన్నీ అక్కడికి నడక దూరంలోనే ఉన్నాయి. ఇరవై కిలోమీటర్ల అవతల ఇల్లు ఇచ్చి బస్సు ఇవ్వకపోతే ఆ కుటుంబం సగం సంపాదన ప్రయాణానికే పోతుంది.

కూకట్‌పల్లి నాలా పక్కన కూడా బస్తీలున్నాయి. రేపు ఇక్కడ నడకదారి వేస్తామంటే వాళ్ల గోడల మీదా గుర్తులు పడతాయి. అప్పుడు మన కాలనీ సంఘాలు ఏ వైపు నిలబడతాయి? నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. నాలా ప్రవాహంలోకి వచ్చిన ఇల్లు పక్కకు జరగాలి, అయితే ఆ కుటుంబానికి రెండు మూడు కిలోమీటర్ల లోపలే చోటు చూపాలి. నాలా పక్కన ఉండే బస్తీ వాళ్లే దాన్ని రోజూ చూసేవాళ్లు. నాలా పొంగబోతోందని మనకు ముందుగా చెప్పగలిగేది వాళ్లే. పహారాకి, పూడికతీతకు, మొక్కల పెంపకానికి జీతాలిచ్చే పని వస్తే మొదట వాళ్లకే ఇవ్వాలి.

నది కింది వైపున ఉన్నవాళ్లనూ మరిచిపోవద్దు. నగరం దాటాక మూసీ నీళ్లతో రైతులు వరి, పారాగడ్డి పండిస్తున్నారు. ఆ గడ్డి మన నగరం పాడి పశువులకే వస్తుంది. ఆ పాలు మన ఇళ్లకే వస్తాయి. కత్వల (చిన్న ఆనకట్టల) కింద పొలాలకు పారే ఆ నీళ్లలో దిగి పనిచేసేవాళ్ల కాళ్లకు చర్మవ్యాధులు వస్తాయి. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి వలిగొండ మండలం సంగెం నుంచి మూసీ వెంట పాదయాత్ర చేశారు. ఆ రోజు ఉమ్మడి నల్లగొండ వాసులు అడిగిన శుభ్రమైన నీళ్లు మన నాలాలో నుంచే వెళ్లాలి. ఎర్రగడ్డ రైతుబజారుకు కూరగాయలు తెచ్చే రైతుల్లో ఆ వైపు వాళ్లెవరైనా ఈ సభలో ఉంటే, ఈ మాటను నాకంటే బాగా చెప్పగలరు.

6

ఎర్రగడ్డ వంతు

ఇక మనం చేయగలిగినవి. ప్రభుత్వం చేయాల్సినవి వేరే. వాటిని అడగడానికి అర్హత రావాలంటే ముందు మన వైపు నుంచి ఏదో ఒకటి నిలకడగా జరగాలి.

మొదట నడక. నెలకొకసారి, ఆదివారం పొద్దున, భరత్‌నగర్ వంతెన నుంచి ఫతేనగర్ వైపు నాలా వెంట నడుద్దాం. ముక్కుకు గుడ్డ కట్టుకోవాల్సి వస్తే కట్టుకుందాం. ఒక నోటుబుక్కులో నాలాలో కలిసే ప్రతి పైపు, ప్రతి గొట్టం ఎక్కడుందో రాద్దాం. ఎండాకాలంలో కూడా నీళ్లు కారుతున్న పైపు ఉందంటే అది మురుగే, ఎందుకంటే అప్పుడు వాననీరు రాదు. ఆ ఒక్క గుర్తు చాలు. ఫొటో తీసి జలమండలికి, జీహెచ్‌ఎంసీకి ఫిర్యాదు ఇచ్చి, ఫిర్యాదు నంబరు అదే బుక్కులో రాసి, వచ్చే నెల నడకలో మళ్లీ అదే చోటు చూద్దాం. ఆరు నెలల్లో ఆ బుక్కు ఎవరూ కాదనలేని సాక్ష్యమవుతుంది. 

వానాకాలం ముందు నాలాల్లో పూడిక తీస్తారు. తీసిన మట్టిని గట్టు మీదే కుప్పపోసి వదిలేస్తే మొదటి వానకే తిరిగి నాలాలోకి జారుతుంది. దాన్ని లారీల్లో ఎత్తించేదాకా మన సంఘం వదలకూడదు. ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది, కానీ మే నెలలో ఈ ఒక్కదాని మీద నిలబడితే జూలైలో సగం రోడ్లు మునగవు.

రైతుబజారు గురించి. రోజూ మిగిలే ఆకులు, కుళ్లిన టమాటాలు చెత్తబండి కోసం ఎదురుచూస్తూ కాలువలోకి వెళ్లే అవకాశం ఉంది. మనకు దగ్గర్లోనే, బోయినపల్లి మార్కెట్ యార్డులో, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో కూరగాయల చెత్త నుంచి బయోగ్యాస్, విద్యుత్తు తయారు చేస్తున్నారు. అంత పెద్దది ఇక్కడ అవసరం లేకపోవచ్చు. కానీ అదే పద్ధతిలో చిన్న కేంద్రం ఎర్రగడ్డలో పెట్టమని మార్కెటింగ్ శాఖను అడగవచ్చు. ఆదివారం సంతలో పాత సామాన్లు అమ్మేవాళ్లకు కూడా మాట చెప్పాలి. అమ్ముడుపోని వస్తువులు, ప్యాకింగు సాయంత్రం ఎటు వెళుతున్నాయో చూసుకోమని. వాళ్ల జీవనాన్ని తప్పుపట్టకుండా, వాళ్ల సంఘం పెద్దలతో కూర్చుని మాట్లాడితే వింటారు.

ఇంకొకటి నన్ను చాలా కలచివేసే విషయం. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో ఒక చిన్నారి తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. ఆ తర్వాత నాలాల వెంట కంచెలు, మూతలు పెట్టడం మొదలైంది. కంచె కావాలి, అందులో సందేహం లేదు. కానీ చూపును ఆపే ఎత్తైన గోడ మాత్రం వద్దు. ఇనుప జాలీ వేయాలి. ఆ పక్కనే ఒక వైపున మూడు నాలుగు అడుగుల నడకదారి ఉండాలి. గోడ కట్టిన నాలాలో ఏం పడినా ఎవరికీ తెలియదు. జాలీ ఉన్న నాలాను పాలు తెచ్చుకునే అమ్మ, బడికి వెళ్లే పిల్లాడు, షిఫ్టుకు వెళ్లే కార్మికుడు రోజూ చూస్తారు. మనం కోరుకునే విహారమార్గానికి మొదటి మెట్టు ఇదే.

ఛాతీ ఆసుపత్రి, మానసిక వైద్యశాల ఆవరణల గురించి ఒక్క మాట. ఎర్రగడ్డలో వాననీటిని ఇంకించుకునే పెద్ద మైదానాలు అవే. ఛాతీ ఆసుపత్రి స్థలంలో 2022లో పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి రావాలి, మనకే ఉపయోగం. కట్టడం పూర్తయ్యాక మిగిలే ఖాళీ స్థలమంతా సిమెంటు చేయకుండా ఇంకుడు గుంతలు, చెట్లు ఉంచమని ఇప్పుడే అడగాలి. పార్కింగు వేశాక అడిగితే ఆలస్యమవుతుంది.

మొదటి నాలా నడక ఈ నెల ఆఖరి ఆదివారం, పొద్దున ఆరు గంటలకు, భరత్‌నగర్ వంతెన ఎర్రగడ్డ వైపు మెట్ల దగ్గర మొదలవుతుంది. నోటుబుక్కు, గ్లౌజులు సంఘం తెస్తుంది. ఫతేనగర్ శుద్ధి కేంద్రాన్ని చూపించమని జలమండలికి లేఖ రాశాం. వాళ్లు ఒప్పుకుంటే విద్యార్థులను ముందు తీసుకెళతాం. రాదలచుకున్నవాళ్లు బయటికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర పేరు, ఫోను నంబరు రాయండి. నాలా పక్క బస్తీల నుంచి వచ్చిన అక్కలు కూడా రాయాలి. దారి మాకు చూపాల్సింది మీరే.